చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు: పారిభాషికపదముల పాఠము

మన పాఠశాలకు దిల్‌సుఖ్‌నగరునుండియు, ఎల్. బి. నగరునుండియు వచ్చు బాలబాలికల పుస్తకపు సంచులలో నొక చిన్న పొత్తము తరచుగా కానవచ్చుచుండును. ఇంగ్లీషు కావ్యములు చదువువారికి కావలసిన పారిభాషికపదములును, ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క పంక్తిలో అర్థమును అందు ముద్రింపబడి యుండును. సిమిలీ యనగా నిది, మెటఫర్ అనగా నిది, రైము అనగా నిది యని విద్యార్థులు మెట్రోబండిలో కూర్చుండియు, బస్సుకొరకు నిలిచియు వల్లె వేయుచుందురు. పరీక్షలో ప్రశ్న వచ్చును, కంఠస్థము చేసిన వాక్యమును వ్రాయుదురు, మార్కులును వచ్చును. కాని పద్యమును ఎదుట నుంచి, నీవు చెప్పినది ఇందులో నెక్కడ నున్నదో చూపుమని యడిగినచో పలువురు తెల్లబోవుదురు. పేరు తెలిసినది గాని వస్తువు తెలియలేదన్నమాట.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. రెండువందల యేండ్లకు పూర్వ మొక ఆంగ్లేయ యువకునకు ఇదే చిక్కు తలక్రిందుగా కలిగెను. మనము తెలుగు ఎరిగి ఇంగ్లీషు కవిత్వపు పేళ్లు నేర్చుకొనుచున్నాము. ఆయన ఇంగ్లీషు ఎరిగి తెలుగు కవిత్వపు పేళ్లు నేర్చుకొనవలసి వచ్చెను. సంచిలో నుంచుకొనుటకు ఆయనకు చిన్న పొత్తము లేదు. అట్టి పొత్తమును తానే వ్రాయవలసిన వాడయ్యెను. వారే చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. తెలుగువారిలో ఈ పేరు వినని వారరుదు. అయినను నిఘంటుకర్తగా వీరి నెరిగినంతగా విద్యార్థిగా వీరి నెరిగినవారు లేరు. వీరు మాటలతో పెనగులాడిన విధమును తెలిసికొన్నయెడల మన బాలురకు తమ పని కొంత సులభమగునని తలచి వీరి చరిత్రము నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

బ్రౌను దొరగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తానగరమున జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌను గారు క్రైస్తవ గురువు, బహుభాషాపండితులు, కంపెనీ యుద్యోగులకు దేశభాషలు నేర్పుటకై స్థాపింపబడిన ఫోర్టు విలియము కళాశాలలో పెద్దగా నుండినవారు. ఆయన తన బిడ్డలకు హీబ్రూ, అరబ్బీ, పారసీకము, హిందూస్థానీ మున్నగు భాషలు చిన్ననాటనే నేర్పెను. ఒక్క వస్తువునకు నాలుగు భాషలలో నాలుగు పేళ్లుండుననియు, ఆ నాలుగు పేళ్లును ఎల్లప్పుడు ఒక్క వస్తువునే చెప్పవనియు బ్రౌనుగారికి బాల్యముననే తెలిసి యుండవలెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు వెళ్లెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు తగిన చదువు ముగించుకొని వీరు 1817వ సంవత్సరము ఆగస్టునెలలో చెన్నపట్టణమున దిగిరి. అప్పటికి వీరికి పదునెనిమిదేండ్లు నిండినవి.

చెన్నపట్టణమున సెంటుజార్జికోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారు వీరికి తెలుగు నేర్పిరి. 1820లో పరీక్ష ముగిసిన సమయమున గవర్నరు సర్ తామస్ మన్రోగారు పట్టపరీక్షితులైన యువకులకు హితోపదేశము చేయుచు, దేశమును పాలింపవచ్చినవారు ప్రజల భాషను చక్కగా నేర్వవలయునని బోధించిరి. ఆ యుపదేశము బ్రౌనుగారి మనస్సున గాఢముగ నాటెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే వీరు కడపజిల్లా కలెక్టరు హేన్‌బరీగారికి సహాయులుగా నియమింపబడిరి.

కడపలో కచ్చేరీ పని యంతయు రైతులతోడను, కరణములతోడను జరుగవలసినది. అందుచేత వీరికి వ్యావహారికమైన తెలుగు త్వరలోనే పట్టుబడెను. తోటతోకూడిన యొక బంగళాను కొని, కొంతకాలమునకు దానినే పండితుల నివాసముగా చేసి, గ్రంథపరిష్కరణమును సాగించిరి. 1821లో అచ్చట పేదబాలురకు ఉచితముగా చదువు చెప్పు పాఠశాలలను నెలకొల్పిరి; పిదప బందరునందును అట్లే చేసిరి. నెలజీతములో చాలభాగము ఇట్టి కార్యములకే వ్యయమగుచుండెను. అప్పులును చేసిరి.

ఇంతవరకు వీరికి తెలిసినది సంతలోను, కచ్చేరీలోను వినబడు తెలుగు మాత్రమే. కవిత్వమన్న తెలుగుగోడకు ఆవలినుండు తోట. దానిలోనికి వీరిని తీసికొనిపోయినవాడు వేమన. ఆబె డుబాయి యను ఫ్రెంచి క్రైస్తవగురువు హిందువుల యాచారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన పేరును చూచి, 1824 ప్రాంతమున వీరు ఆ పద్యముల ప్రతులను వెదకించి తెప్పింప నారంభించిరి. ఆ కాలపు పండితులలో పలువురకు వేమనయెడ గౌరవము లేదు. పామరుల నాలుకపై నాడు పద్యములకు వ్యాఖ్యానమేల యని వారి తలంపు. బ్రౌనుగారు ఆ మాట చెవిని పెట్టక ప్రతులను సరిపోల్చి, పద్యముల నేరి, ఇంగ్లీషులోనికి తర్జుమాచేసి 1829లో 693 పద్యములను ప్రకటించిరి. 1839లో వెలువడిన రెండవకూర్పున పద్యముల సంఖ్య 1164 అయ్యెను.

పద్యములను చేతబట్టిన క్షణమున వీరికి మొదటి యడ్డంకి ఎదురయ్యెను. పద్యమును చదువవలెనన్న ఛందస్సు తెలియవలెను. ఛందస్సు తెలియవలెనన్న లక్షణగ్రంథములను చూడవలెను. అప్పకవీయము వంటి లక్షణగ్రంథములు తామే పద్యములలో వ్రాయబడినవి. ఇల్లు చూడవలెనన్న తాళము తీయవలెను. తాళపుచెవి ఇంటిలోనే యున్నది. మన బాలురు పారిభాషికపదము నర్థము చేసికొనుటకు నిఘంటువు చూచి, అందు మరి నాలుగు పారిభాషికపదములను చూచి విసిగినప్పుడు వారి స్థితియు నిట్టిదే. బ్రౌనుగారు గ్రంథములను ప్రక్కన నుంచి పద్యమును చదివించుకొని వినిరి. పండితులను ప్రశ్నించి, విన్నదానిని వ్రాసికొని, తమ భాషవారికి తెలియునట్లుగా క్రమపరచిరి. ఆ కృషియొక్క ఫలమే 1827లో చెన్నపట్టణమున ఇంగ్లీషున ముద్రింపబడిన ఆంధ్రగీర్వాణ ఛందస్సు. అప్పటికి వీరి వయస్సు ఇంకను ముప్పది నిండలేదు.

అట్టి గ్రంథమును వ్రాయువాని కెదురగు కష్ట మెట్టిదో కొన్ని పదములను తీసికొని చూతము. ఆ కష్టమే ఈనాడు ఇంగ్లీషు చదువు మన విద్యార్థిది కూడ.

మొదటిది పాదము. ఇంగ్లీషువారు పద్యపంక్తిని చిన్నచిన్న తునకలుగా విభజించి ఒక్కొక్క తునకకు ఫుట్ అని పేరు పెట్టిరి. ఫుట్ అనగా పాదమని మూడవతరగతి బాలుడును చెప్పును. మన పద్యమునకును పాదములున్నవి. కావున ఫుట్ అనగా పద్యపాదమని విద్యార్థి వ్రాసెనా, తప్పినాడు! మన పాదము వారి లైను; వారి ఫుట్ మన గణము. పేరు కలిసినచోట వస్తువు కలియలేదు. వస్తువు కలిసినచోట పేరు కలియలేదు. మాటకు మాట పెట్టి తృప్తిపడువారు మొదటి మెట్టుననే జారిపడుదురు.

రెండవది గణము. మన ఛందస్సునకు కాలము ప్రమాణము. క్షణకాలమున పలుకునది లఘువు. దానికి రెట్టింపు కాలము పట్టునది గురువు. ఇంగ్లీషు ఛందస్సునకు ఊనిక ప్రమాణము. ప్రతి మాటలోను ఏదో యొక భాగమును వారు నొక్కి పలుకుదురు. తక్కినవానిని తేలికగా విడుతురు. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నయెడల రెండింటికి గల పోలిక చక్కగా తెలియును. రమా యను మాటలో ముందు లఘువు, పిదప గురువు. ఇది మన వగణము. అబౌట్ అను ఇంగ్లీషుమాటలో ముందు తేలిక, పిదప ఊనిక. దీనిని వారు ఐయాంబ్ అందురు. రామ యనునది హగణము. గార్డెన్ అనునది వారి ట్రోకీ. రమణీ యనునది సగణము. అండర్‌స్టాండ్ అనునది వారి ఎనపెస్ట్. రాముడు అనునది భగణము. ఎలిఫెంట్ అనునది వారి డాక్టిల్. ఐదు ఐయాంబులు వరుసగా గల పంక్తిని ఐయాంబిక్ పెంటామీటరు అందురు. అట్టి పంక్తులకు చివర రైము లేనియెడల అది బ్లాంకు వర్సు. షేక్స్పియరు నాటకములలో విశేషభాగము దీనిలోనే నడచినది. బల్లమీద వ్రేలితో తట్టుచు చదివిన ఈ నడక చెవికి పట్టుబడును. పట్టుబడిన పిదప పేరు దానంతట నదియే నిలుచును.

మూడవది యతి. ఇచట చిక్కు మరింత సూక్ష్మమైనది. సంస్కృతమున యతి యనగా పాదము నడుమ చేయు విరామము. ఇంగ్లీషువారు సిజూర యనునదియు నిట్టి నడిమి విరామమే. తెలుగున యతి యనగా విరామము కాదు; పాదముయొక్క మొదటి యక్షరమునకును, నియతమైన యొక స్థానమందలి యక్షరమునకును గల మైత్రి. అది మాట నడుమనైనను పడవచ్చును; అచట ఆగవలసిన పని లేదు. ఒక్క పేరే రెండు భాషలలో రెండు వస్తువులను చెప్పుచున్నది! సంస్కృతమును తెలుగును ఒకే గ్రంథమున వివరింప బూనిన బ్రౌనుగారికి ఈ భేదమును దాటిపోవుటకు వీలులేదు.

అట్లయిన మన యతిని ఎలిటరేషన్ అనవచ్చునా? సమీపమందలి మాటల మొదటి ధ్వనులు కలియుట ఎలిటరేషన్. ఇటీవలి ఇంగ్లీషు కవిత్వమున అది యొక యలంకారము. కవి కిష్టమైన వాడును, లేకున్న మానును. మన యతి యట్లు కాదు. అది తప్పిన పద్యమే తప్పును. కాని బేవుల్ఫ్ కావ్యము పుట్టిన ప్రాచీనాంగ్లకాలమున పంక్తిలోని రెండు భాగములను ఈ ధ్వనిమైత్రియే కూర్చి పట్టుచుండెను. అది యప్పుడు నియమము. కనుక మన యతికి నేటి ఎలిటరేషన్ దూరపుబంధువు. ప్రాచీనకాలపు ఎలిటరేషన్ దగ్గరిబంధువు. బంధుత్వమున్నదని చెప్పుటయు, ఎంతదూరపుదో చెప్పుటయు రెండును నిజము చెప్పుటలోనివే.

నాలుగవది ప్రాస. రైము అనగా ప్రాస యని మన పొత్తములలో వ్రాసియుండును. వృత్తములందును, కందమునందును పద్యమునందలి ప్రతిపాదమున రెండవ యక్షరపు హల్లు ఒక్కటిగా నుండుట మన ప్రాస. అది పంక్తి మొదట నుండును. హల్లు కలిసిన చాలును, అచ్చు కలియనక్కరలేదు. ఇంగ్లీషు రైము సాధారణముగా పంక్తి తుద నుండును. ఊనిక గల యచ్చు మొదలు చివరివరకు ధ్వని యంతయు కలియవలెను. దానికి ముందున్న హల్లు మాత్రము వేరుగా నుండవలెను. లైట్, నైట్ అను మాటలు కలియు విధ మిది. దీనికి సరియైన తెలుగుపేరు అంత్యప్రాస. ఇంకొక విశేషము: ఇంగ్లీషున కంటికి ఒక్కటిగా కనబడు వ్రాత చెవికి వేరుగా వినబడును, వేరుగా కనబడునది ఒక్కటిగా వినబడును. కావున రైము విషయమున కన్ను సాక్షి కాదు, చెవియే సాక్షి.

వేమన పద్యములలో విశేషభాగము ఆటవెలదులు. ఆటవెలదికి ప్రాసనియమము లేదు. ప్రాస లేనిది పద్యము కాదని సూత్రమును వల్లించిన విద్యార్థి వేమనను చూడగానే తడబడును. పద్యమును ముందు విన్న విద్యార్థి తడబడడు. మరియు ఆ పద్యములకు చివర మరల మరల వచ్చు మకుటమున్నది. ఇంగ్లీషు పాటలలో మరల మరల వచ్చు పంక్తిని రెఫ్రేన్ అందురు. రెండింటి పనియు కొంతవరకు నొక్కటియే. కాని మకుటము కవియొక్క ముద్ర కూడ నగును, రెఫ్రేన్‌కు ఆ పని యుండనక్కరలేదు.

అర్థాలంకారములలో ఇంత చిక్కు లేదు. ముఖము చంద్రునివలె నున్నదనుట ఉపమ, అదియే సిమిలీ. ముఖచంద్రుడనుట రూపకము, అదియే మెటఫర్. అయినను అన్నియు నిట్లు సరిపోవునని తలపరాదు. రెండర్థముల మాటను ఇంగ్లీషున పన్ అందురు. మనము శ్లేష యందుము. ఇంగ్లీషు నాటకములలో పన్ వచ్చినప్పుడు జనులు సాధారణముగా నవ్వుదురు. మన కవులు శ్లేషమీద మహాకావ్యములనే నిలిపిరి. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒక్క పద్యములోనే రామాయణకథయు, భారతకథయు నడచును. అది చదివి నవ్వువారు లేరు, ఆశ్చర్యపడువారే కలరు. శ్లేషకు ప్రసిద్ధమైన వసుచరిత్రమును బ్రౌనుగారు 1844లోను, మనుచరిత్రమును 1851లోను వ్యాఖ్యానములతో ముద్రింపించిరి. జూలూరి అప్పయ్యశాస్త్రిగారు ఈ పనిలో వీరికి కుడిభుజముగా నుండిరి. మహాకావ్యములను మూలమునందు చదువబూనిన పరదేశీయుడు పన్ అను పేరుతో శ్లేషను కొలువజాలడని వీరికి తెలియకుండునా?

ఇంతవరకు చెప్పినది సాహిత్యపు పేళ్లమాట. మాటకు వస్తువు సరిపోవలెనన్న పట్టుదల జీవితమునందు వీరిని ఎంత దూరము తీసికొనిపోయినదో ఇక చూడవలసియున్నది.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను భయంకరమైన కరవు పట్టుకొనెను. డొక్కల కరవని ప్రజలు దానికి పేరుపెట్టిరి. గ్రామములు పాడుపడెను; జనులు లెక్కకు మిక్కిలిగా నశించిరి. ఆ సమయమున అచ్చట ఉద్యోగమున నున్న బ్రౌనుగారు కన్నులార చూచినదానిని వ్రాయుచు దానిని కరవు అని వ్రాసిరి. పై యధికారులకు ఆ మాట రుచింపలేదు. కొరత యని వ్రాసిన వారికి సమ్మతము. కొరత యన్న కొద్దిదినములలో తీరునది. కరవన్న ప్రభుత్వము సమాధానము చెప్పుకొనవలసినది. రెండు మాటలకు నిఘంటువులో నున్న యంతరము కొంచెమే. వీధిలో పడియున్న మనుష్యునకు ఆ యంతరము ప్రాణముతో సమానము. 1834లో వీరు ఉద్యోగము కోల్పోయి ఇంగ్లండునకు పోవలసినవారైరి.

పదవి పోయినవాడు లండనులో విశ్రమించి యుండవచ్చును. బ్రౌనుగారు అట్లు చేయలేదు. ఇండియాహౌసు గ్రంథాలయమున దక్షిణదేశపు వ్రాతప్రతులు రెండువేలకు పైగా చదువువారు లేక పడియుండెను. సంస్కృతపండితులైన హోరేస్ హేమన్ విల్సనుగారి సహాయమున వీరు వానిని పరిశీలించి, వాని స్థానము తెలుగుదేశమునకు సమీపమున నుండుటయే న్యాయమని వాదించి, చెన్నపట్టణపు లిటరరీ సొసైటీవారికి చేరునట్లు చేసిరి. 1838 నాటికి వీరు మరల చెన్నపట్టణమున ఉద్యోగమున ప్రవేశించి, ప్రభుత్వమువారికి పారసీకభాషాంతరీకరణము చేయుచు, తరువాత పోస్టుమాస్టరు జనరలు మున్నగు పదవులను వహించిరి. పగలు కచ్చేరీ పని; తక్కిన కాలమంతయు తెలుగుపని.

ఆ పని జరిగిన విధము తెలిసికొనదగినది. ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని తాటాకుప్రతులను తెప్పింతురు. ఒక పండితుడు చదువగా తక్కినవారు తమ ప్రతులను చూచి భేదములను చెప్పుదురు. భేదములను వరుసగా వ్రాసికొని, ఏది సరియైన పాఠమో చర్చించి, పిదప శుద్ధప్రతిని వ్రాయింతురు. లేఖకులకు, పండితులకు జీతములు బ్రౌనుగారు తమ సొంతధనమునుండియే ఇచ్చిరి. చెదలపాలు కావలసిన గ్రంథము లెన్నియో ఇట్లు దక్కినవి. వీరు చేర్చిన వ్రాతప్రతులు తరువాత చెన్నపట్టణపు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమునకు చేరి నేటికిని పరిశోధకులకు ఉపయోగపడుచున్నవి.

1840లో వీరి తెలుగువ్యాకరణము ఇంగ్లీషున వెలువడెను. 1852 మొదలు 1854 లోపల తెలుగునుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషునుండి తెలుగునకు, అన్యదేశ్యములు గల మిశ్రభాషకు నిఘంటువులు ముద్రితములైనవి. కవులు వాడిన మాటలను మాత్రమే గాక రైతులు, స్త్రీలు, అంగడివారు వాడు మాటలను సైతము వీరు చేర్చిరి. మాట ఎవరినోట పుట్టినను మాటయే యని వీరి నమ్మకము. ఈ నిఘంటువులు వచ్చి నూటడెబ్బది యేండ్లు గడచినను వాని యవసరము తీరలేదు. చికాగో విశ్వవిద్యాలయమువారు వీరి తెలుగు ఇంగ్లీషు నిఘంటువును యంత్రములలో వెదకుకొనునట్లుగా సిద్ధపరచి యుంచిరి. దిల్‌సుఖ్‌నగరుబాలుడు తన తండ్రి చేతిఫోనులో దానిని చూడగలడు.

వీరి పనియందు లోపములు లేవని చెప్పుట వీరికే సమ్మతము కాదు. ఇంకను తెలుగునేర్చుకొనుచున్న దినములలో వ్రాసిన ఛందోగ్రంథమును వీరు ఎన్నడును తుదిమాటగా తలపలేదు. నిఘంటువు ముద్రితమైన పిదపను క్రొత్తమాటలను చేర్చుచు, పొరపాట్లను దిద్దుచు నుండిరి. 1903లో ఆ నిఘంటువు రెండవకూర్పు వెలువడినప్పుడు దానిని సంస్కరించినవారు ఎం. వెంకటరత్నముగారు, మిషనరీయైన డబ్ల్యు. హెచ్. కాంబెల్ దొరగారు, కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఒక్కరు ప్రారంభించిన పదముల పనిని మరి ముగ్గురు చేపట్టి దిద్దిరి. భాష విషయమున ముగిసిన పనియన్నది లేదు.

ఆరోగ్యము చెడుటచేత బ్రౌనుగారు 1855లో కొలువు విడిచి లండనునకు వెళ్లిరి. అచ్చటను తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యపదవి వీరికి లభించెను. తమ సాహిత్యజీవితమును గూర్చి యొక చిన్న గ్రంథమును వ్రాసికొనిరి. వివాహము చేసికొనలేదు. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్లు నిండిన పిదప, లండనులో కాలధర్మము నొందిరి. కెన్సల్ గ్రీన్ శ్మశానమున వీరి సమాధి యున్నది. కడపలో వీరు నివసించిన బంగళా స్థలముననే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి యెడతెగని కృషివలన, వీరి పేర గ్రంథాలయమును, భాషాపరిశోధనకేంద్రమును వెలసినవి. వీరి లేఖలను, వ్రాతలను వెదకి వెలికితీయుటకు బంగోరె యని ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు తమ జీవితములో పెక్కేండ్లు వెచ్చించిరి.

ప్రియ విద్యార్థులారా! మీ చిన్న పొత్తమును పారవేయుడని నేను చెప్పను. పరీక్షకు అది కావలయును. కాని దానిని తుదను తెరువుడు. మొదట పద్యమును పైకి చదువుడు. తల్లిదండ్రు లెదుట నున్న మరియు మంచిది. వ్రేలితో తట్టి ఊనిక ఎక్కడ పడుచున్నదో గుర్తింపుడు. పంక్తుల తుదలను చెవితో పోల్చిచూడుడు. ఒక వస్తువును మరియొక వస్తువుతో కవి ఎక్కడ పోల్చెనో, పోల్చెదనని చెప్పి పోల్చెనో చెప్పకయే పోల్చెనో కనుగొనుడు. మీరు పట్టిన దానికి తెలుగులో ఏమి పేరున్నదో తలచుకొనుడు. అప్పుడు పొత్తమును తెరచి ఇంగ్లీషు పేరును చూడుడు. రెండు పేళ్లును ఎంతవరకు కలిసినవి, ఎక్కడ విడిపోయినవి యని ఒక్క వాక్యము వ్రాసికొనుడు. అట్లు వ్రాసికొన్న పది వాక్యములు వల్లెవేసిన నూరు వాక్యములకన్న మేలు.

తలిదండ్రులకును ఒక్క మనవి. ఇంగ్లీషు చదువు పిల్లవానికి తెలుగుపద్య మెందుకని కొందరందురు. గణము తెలిసిన పిల్లవానికి ఫుట్ ఒక్క దినమున తెలియును. యతి తెలిసిన పిల్లవానికి ఎలిటరేషన్ అరదినమున తెలియును. ఇంట నున్న దీపమును ఆర్పి పొరుగింటి దీపమును వెదకుట వివేకము కాదు. ఇంగ్లీషు మాతృభాషగా గల బ్రౌను దొరగారు తమ దీపము నార్పకయే మన దీపమును చూడవచ్చిరి. అందుచేతనే రెండింటి వెలుగును వారికి దక్కెను.

ఫుట్ అన్నచోట పాదమని వ్రాసిన విద్యార్థికి రెండు మార్కులు పోవును. కరవున్నచోట కొరతయని వ్రాసిన యధికారివలన గ్రామములే పోవును. చిన్నదానియందు మాటను సరిగా వాడ నేర్చినవాడే పెద్దదానియందు సరిగా వాడగలడు. బ్రౌను దొరగారి చరిత్రమున మనము నేర్వవలసిన పాఠము ఇదియే.